తైస్తో బండికి వేడి పిడులు

పెట్రోలు బంకును ఆనుకుని ఉన్న ఆ కాఫీ కొట్టులోకి ఎవరొచ్చినా ముందు చేసే పని ఒకటే. చేతితొడుగులు విప్పి, పొయ్యి పైన వేలాడదీసిన దండెం మీద అరచేతి వైపు కిందికి ఉండేలా పరుస్తారు. ఆ తర్వాతే కుర్చీ, ఆ తర్వాతే కాఫీ. అవి మాడిపోకుండా మధ్యమధ్య తిప్పడం కొట్టు నడిపే మారిత్ పని. ఎవరి తొడుగు ఏదో ఆమెకు తల ఎత్తకుండానే తెలుస్తుంది. వచ్చినవాడి ప్రయాణం ఎలా జరిగిందో కూడా తెలుస్తుంది. మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్ బండి హ్యాండిల్ పిడి చల్లగా ఉంటే, అరచేతి చెమట తొడుగులోనే గడ్డకట్టి, ఇక్కడికొచ్చాక కరిగి పొయ్యి మీద బొట్లుబొట్లుగా పడుతుంది. పిడి వెచ్చగా ఉంటే అరచెయ్యి పొడిగా వస్తుంది.

ఆ మధ్యాహ్నం దండెం మీద మూడు జతలున్నాయి. ఒకటి పాల లారీ నడిపే యోర్మాది. దారి మీద మంచు తోసే బండి వచ్చేదాకా అతను కదలడానికి లేదు. రెండోది ముసలి తైస్తోది. సరస్సు మీద మంచుకు కన్నాలు కొట్టి వేసిన వలలు చూసుకుని, తన బండి మీద తిన్నగా కొట్టుకే వచ్చాడు. మూడోది మారిత్ తమ్ముడు ఊలాది. అతను ఇంటి నుంచి నడిచొచ్చాడు.

ఊలా కుడిచేతిని కాఫీ కప్పు చుట్టూ పెట్టుకుని కూర్చున్నాడు. ఈ చలికాలం మొదట్లోనే ఆ చేతి రెండు వేళ్లు చలికి నల్లబడ్డాయి. ఇంకొక్కసారి అలా అయితే తీసెయ్యడమేనని నర్సు ఖరాఖండిగా చెప్పింది. అతని బండి పిడుల్లో వేడి తీగలున్నా లేనట్టే. కొత్త పిడులు వచ్చేవారం గానీ రావని ఇవాలో అనే పట్నంలోని మెకానిక్ ఇప్పుడే ఫోన్లో చెప్పాడు. కొండ మీద చూస్తే, మొన్న మంచు మీద వాన పడి, వెంటనే గడ్డకట్టి, అద్దం లాంటి పెంకు కట్టింది. ఎంత తవ్వినా గిట్టలకు కింది నాచు అందక ఊలా రెయిన్‌డీర్ల మంద పస్తులుంటోంది. రేపు పొద్దున్న మేత లాక్కెళ్లకపోతే మంద ఉండదు. వెళ్తే వేళ్లు ఉండవు.

“పక్కవాళ్లనెవరినైనా అడిగి చూడరా,” అంది మారిత్.

“వాళ్ల మందలు మాత్రం ఏం తింటున్నాయక్కా? ఎవడి కొండ వాడికుంది.”

“మరి ఒక్క చేత్తో నడుపుతావా?”

“బండిని పరిగెత్తించే మీట కుడిచేతి బొటనవేలి కిందే కదా ఉండేది,” అన్నాడు ఊలా.

అప్పటిదాకా కాఫీలో జున్నుముక్కలు వేసి, అవి నానేదాకా ఓపిగ్గా చూస్తున్న తైస్తో చెంచా కింద పెట్టాడు. “పిడుల కోసం పట్నానికి ఫోన్లెందుకురా అబ్బాయ్? నన్నడిగితే సరిపోయేదిగా. నా బండి పిడులు నేనే బాగుచేసుకున్నాను.”

మారిత్ నిట్టూర్చింది. తైస్తో కబుర్లు వినడానికి ఆమెకు అభ్యంతరం లేదు, చలికాలం పొడుగు, కొట్టులో టీవీ లేదు. కానీ ఇవాళ ఊలా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ వినడం ఆమెకు నచ్చలేదు.

“ఎలా బాగుచేశావు బాబాయ్?”

“చెప్తా విను. తప్పు పిడిలో లేదు, తీగలో లేదు. పిడి లోపల ఇనప గొట్టం ఉందా, తీగలో పుట్టిన వేడిని ఆ దరిద్రపు గొట్టం పీల్చుకుని మొత్తం బండికి పంచిపెడుతోంది. నీ చేతికి మిగిలేదేంటి, ఎంగిలి వేడి. నేనేం చేశానంటే, పిడి ఊడదీసి, గొట్టం చుట్టూ బర్చ్ చెట్టు బెరడు పల్చగా చీల్చి చుట్టి, పిడి మళ్లీ తొడిగాను. అంతే. బెరడు దాటి వేడి లోపలికి పోదు. పోయేదల్లా నీ చేతికే.”

ఊలా తల ఊపాడు. మారిత్ కూడా, తనకు తెలియకుండానే, ఊపింది. మాట సబబుగానే ఉంది. అదే ఆమెకు అనుమానం.

“ఫిబ్రవరిలో బెరడు ఎక్కడిది నీకు?” అన్నాడు యోర్మా. “నడివేసవిలో చెట్టులో రసం పారేటప్పుడు తప్ప ఒలిచినా రాదుగా.”

“నువ్వడిగితే రాదు. నేనడిగితే చెట్టే ఇస్తుంది,” అన్నాడు తైస్తో.

పొయ్యి మీద ఒక బొట్టు పడి చుయ్‌మంది.

ఇంకెవరైనా అయితే మారిత్ మొహం మీదే అడిగేసేది. కానీ తైస్తోని నిలదీస్తే అబద్ధం తగ్గదు, ఇంకో అంతస్తు లేస్తుంది. ఆమె బన్నుల బుట్ట తెచ్చి వాళ్ల ముందు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడింది.

“మొదటి రోజు వలల దాకా వెళ్లానా, సగం దారిలోనే లోపలి ఉన్ని తొడుగులు తీసెయ్యాల్సొచ్చింది. ఇంకాస్త దూరం వెళ్లానా, పైవీ తీసేశాను. ఒట్టి చేతులతో, ఆ గాలిలో, సరస్సు నడిమధ్యన. ఎందుకైనా మంచిదని కాఫీ కెటిల్‌లో మంచు వేసి ఎడమ పిడికి తగిలించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను వల పైకి లాగేలోపు కాఫీ పొంగిపోయింది.”

“పొడి వేశావా, అది కూడా చెట్టే ఇచ్చిందా?” అన్నాడు యోర్మా.

“మధ్యలో మాట్లాడకు, నీ పాలు విరిగిపోతాయి. కాఫీ పొంగింది కదా, కుడి పిడి ఖాళీగా ఉందెందుకని ఒక సాసేజ్ ఆనించాను. ఒడ్డెక్కి కొండ దారి పట్టేసరికి ఆ వాసనకి ఒక నక్క బండి వెనకాల పడింది. నక్క వస్తోందని వెనక్కి తిరిగి చూస్తే నక్క కాదు చూడాల్సింది, దారి. నేను వచ్చిన దారంతా మంచు లేదు. బండి వెడల్పున, గీత గీసినట్టు, నేల. ఆ పెంకు గింకు అంతా నీళ్లై పారిపోయింది. కింద నాచు, మెత్తగా, అప్పుడే కడిగినట్టు. ఇంకేముంది, మన కొండ మీది రెయిన్‌డీర్లన్నీ పెళ్లి బంతిలో కూర్చున్నట్టు వరసలో నిలబడి మేస్తూ వస్తున్నాయి.”

ఊలా నవ్వలేదు. అతని కప్పు గాలిలోనే ఆగింది. ఆకలిగొన్న మంద ఉన్నవాడికి అలాంటి మాట చెప్పకూడదు. తైస్తోకి ఆ సంగతి తట్టలేదు. తట్టే మనిషైతే ఇన్ని కథలు రావు.

చుయ్. మళ్లీ చుయ్.

మారిత్ చెయ్యెత్తి తొడుగులు తిప్పింది. యోర్మావి తిప్పింది, ఊలావి తిప్పింది. తైస్తో తొడుగుల దగ్గర ఆగి, రెండింటి అరచేతులూ వేళ్లతో నొక్కి చూసింది. మళ్లీ పరిచేసి, చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది.

“అన్నీ బాగానే ఉన్నాయి గానీ,” తైస్తో జున్నుముక్క నోట్లో వేసుకున్నాడు, “వేడికి దోమలు లేచాయి. ఫిబ్రవరిలో దోమలు. అవి మాత్రం ఏం చేస్తాయి పాపం, జూన్ వచ్చిందనుకున్నాయి. కుట్టడానికి మనిషిని నేనొక్కణ్ణే కదా ఉన్నది, నా చుట్టూ ముసురుకుంటే బండి పక్కకి వాలింది. అటుపక్కేముంది, ఎలుగుబంటి గుహ.”

“ఎలుగుబంటి ఎప్పుడొస్తుందా అనే చూస్తున్నా,” అన్నాడు యోర్మా, ఇంకో బన్ను తీసుకుంటూ.

“వచ్చింది మరి. వెచ్చగా ఉంది కదా అని లేచింది. ఆవలించింది. నన్ను చూసింది, బండిని చూసింది, పిడుల్ని చూసింది. వచ్చి నా ముందు కూర్చుని రెండు పాదాలూ పిడుల మీద పెట్టి కళ్లు మూసుకుంది. నేనేమంటాను? వెనక్కి జరిగాను. అక్కణ్ణుంచి అదే నడిపింది. బాగానే నడిపిందిలే, మలుపుల్లో కొంచెం దురుసు. ఒక్క మాట మాట్లాడలేదు. ఎంతైనా మనవైపు ఎలుగుబంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నార్వే సరిహద్దు.”

“అంత దూరమా బాబాయ్?”

“కళ్లు మూసుకుని నడిపితే ఎక్కడాగుతుందిరా? అవతలి వాళ్లు చూశారు. ‘అయ్యా, మా ఆవిరిస్నానాల గదికి కట్టెలైపోయాయి, ఒక్క పిడి ఇచ్చి పుణ్యం కట్టుకో’ అన్నారు. అంత డబ్బున్న దేశం, నా దగ్గర చెయ్యి చాపడం నాకే సిగ్గేసింది. కుడి పిడి ఊడదీసి ఇచ్చాను. ఊరంతా వంతులేసుకుని స్నానం చేశారు. ఆవిరి పుట్టించే రాళ్లు ఎర్రబడ్డాయంట. చలికాలమంతా ఉంచుకుంటామన్నారు. కుదరదు, ఎలుగుబంటికి ఒక పాదం చల్లబడుతోంది అని చెప్పి తెచ్చేసుకున్నాను.”

నవ్వుకి యోర్మా భుజాలు కదిలాయి గానీ చప్పుడు బయటికి రాలేదు. ఊలా కప్పు కింద పెట్టాడు. అతని మొహంలో ఇందాకటి ఆశ లేదు. ఎలుగుబంటి దాకా వచ్చాక బెరడు కూడా అబద్ధమైపోయినట్టే కదా. లేచి కోటు అందుకోబోయాడు.

“కూర్చోరా,” అంది మారిత్.

దండెం మీంచి తైస్తో కుడి తొడుగు తీసి, అతని కప్పు పక్కన బల్ల మీద పెట్టింది. తోలు అతుకు కింద నుంచి నీళ్లు మెల్లగా మడుగు కట్టి జున్నుగిన్నె వైపు సాగాయి.

“ఎలుగుబంటిని నిద్రలేపిన వేడి, నార్వేలో రాళ్లు కాల్చిన వేడి,” అంది, “నీ కుడి అరచేతి దాకా ఎందుకు రాలేదు తైస్తో?”

తైస్తో ఆ మడుగు వైపు చూశాడు. చెంచా అందుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు.

“చెప్పు, చెప్పు,” అన్నాడు యోర్మా. “ఎలుగుబంటి చెమటా అది?”

“నువ్వుండు,” అంది మారిత్. దండెం మీంచి రెండో తొడుగు కూడా తీసి, దాన్ని మాత్రం ఊలా చేతిలో పెట్టింది. “లోపల చెయ్యి పెట్టి చూడు.”

ఊలా ఎడమచెయ్యి దూర్చాడు. తీసి, మళ్లీ దూర్చాడు. “పొడిగా ఉందక్కా. సరస్సు నడుమ నుంచి ఇంత దూరం వచ్చినా పొడిగానే ఉంది.”

ముగ్గురూ తైస్తో వైపు తిరిగారు. అతను గడ్డం గోక్కున్నాడు. ఈసారి గొంతు మామూలుగా వచ్చింది, పక్కింటివాడు వాతావరణం చెప్పినట్టు. “మా అమ్మ ఉప్పుడబ్బా ఒకటుండేది, బెరడుది. చిన్నది. ఒకవైపుకే వచ్చింది.”

“మరి రెండో వైపు?”

“వేసవి రావాలి కదా, బెరడు ఒలవాలంటే.”

“ఎడమవైపు సంగతి మాత్రం నిజమేనా బాబాయ్?” అన్నాడు ఊలా. “ఎలుగుబంటి లేకుండా చెప్పు.”

“లేకుండానా.” తైస్తోకి అది కష్టంగా ఉన్నట్టుంది. “వెచ్చగా ఉంటుంది. కాఫీ కాగదు. వేళ్లు మాత్రం తెలుస్తాయి, ఐదూ.”

మారిత్ బన్నుల బుట్టను పళ్లెంలోకి బోర్లించింది. రెండు బన్నులు దొర్లి బల్ల చివర ఆగాయి. అది వెడల్పాటి బర్చ్ బెరడు బుట్ట. వాళ్ల అమ్మమ్మ నడివేసవిలో ఒలిచి అల్లింది. తేనె రంగు తేలి, చేతులు పడ్డ చోటల్లా నునుపెక్కి ఉంది. ఆమె దాన్ని తైస్తో ముందుకు తోసింది.

“అక్కా, అది అమ్మమ్మది,” అన్నాడు ఊలా.

“తెలుసు. అమ్మమ్మకి బుట్టలు అల్లడం వచ్చు. వేళ్లు అల్లడం రాదు.”

తైస్తో బుట్టను తిప్పి చూసి, అల్లిక చివర ఎక్కడ దూర్చి ఉందో గోటితో వెతికి పట్టుకున్నాడు. “వేడినీళ్లు పెట్టు మారిత్. నానితే గానీ చీలదు,” అని మొలలో కత్తి తీశాడు. “ముందు ఎటువైపు?”

“కుడి,” అన్నారు అక్కాతమ్ముళ్లిద్దరూ.

అల్లికలో ఒక పట్టీ ఊడొచ్చింది. తైస్తో దాన్ని వెలుతురుకి పట్టి చూసి, గొంతు సవరించుకున్నాడు. “ఒకసారి ఇలాగే నేను బుట్ట విప్పుతుంటే…”

“ముందు విప్పు,” అంది మారిత్.

మర్నాడు ఊలా చీకట్లోనే మేత బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. యోర్మా లారీకీ దారి దొరికింది. మధ్యాహ్నానికి కొట్టులో తైస్తో, అతనికి ఎదురుగా మంచు తోసే బండి డ్రైవరు కూర్చుని ఉన్నారు. బన్నులు పళ్లెంలో ఉన్నాయి. ఆ డ్రైవరుకి ఈ సంగతేమీ తెలియదు, అందుకని తైస్తో మొదటి నుంచీ మొదలుపెట్టాడు.

తలుపు తీసుకుని ఊలా లోపలికొచ్చాడు. కనుబొమ్మల మీద మంచు. తొడుగులు విప్పి, అరచేతులు కిందికి ఉండేలా దండెం మీద పరిచి, కుర్చీ లాక్కున్నాడు.

“తిన్నాయా?” అంది మారిత్.

“తిన్నాయి.”

వేళ్ల గురించి ఆమె అడగలేదు. కాఫీ కెటిల్ చేతిలో పట్టుకుని పొయ్యి పక్కనే నిలబడి చెవి అటు పడేసింది.

“మన ఊలా బండి కొండెక్కిందా,” తైస్తో చెబుతున్నాడు, “మంచు దానంతటదే పక్కకి తప్పుకుంది, మీ బండ్లన్నీ ఇక అమ్మేసుకోవచ్చు. పైన సూర్యుడు ఆగిపోయి, చేతులు కాచుకుంటాను కాస్త జరగమన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

కట్టె ఒకటి చిటపటమని సర్దుకుంది. అది తప్ప పొయ్యి మీద ఏ చప్పుడూ లేదు.

“చెప్పు,” అంది మారిత్, తైస్తో కప్పు నింపుతూ.