మనుమణ్ణి ఎత్తుకునే చేతులు

(త్రిపురాంతకం దగ్గర పల్లె. కంభం చెరువు కింద గొర్రెల మందను తమ్ముడికి అప్పజెప్పి, మనుమణ్ణి మొదటిసారి చూడటానికి మస్తానయ్య ఇంటికి వచ్చాడు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు భాగ్య మార్కాపురంలో నర్సు. వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర భార్య రోశమ్మ.)

"ఆగు నాయనా! ముట్టుకోవద్దు. చేతులు కడిగినావా?"

"కడిగినాలేమ్మా."

"దేంతో?"

"బూడిదతో."

"బూడిదేంది నాయనా! సబ్బు పెట్టినా కదా అక్కడ."

"మీ అమ్మ గిన్నెలు దాంతోనే తోముతాది."

"వాడేమన్నా గిన్నెనా? గొర్రెల్ని పట్టిన చేతులు. కంటికి కనపడని క్రిములు ఎన్నుంటాయో! సబ్బుతో కడుగు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద."

"రోశమ్మా, నీళ్ళు పొయ్యి."

"పోస్తాండాలేవయ్యా. రుద్దు, బాగా రుద్దు. నిన్ను కన్నప్పుడు మీ నాయన మంద కాడ్నించి వచ్చి అట్లనే ఎత్తుకున్నాడే భాగ్యా. నువ్వు బతకలా?"

"అది నా అదృష్టం. అట్లాంటివి నమ్ముకొని బిడ్డనియ్యాల్నా?"

"అయిపోయిందమ్మా. ఇంక ఇయ్యి. బస్సొచ్చేస్తాది. మంద కాడ తమ్ముడొక్కడే ఉండాడు."

"అయ్యయ్యో! తుండుతో తుడుచుకుంటివేంది నాయనా?"

"తడిగా ఉంటేనూ..."

"పొద్దున ఆ తుండుతో ఏం తుడిచినావు? చెప్పు నాయనా."

"గొర్రెపిల్ల ముక్కు."

"చూడమ్మా! సబ్బుతో పోయినవన్నీ మళ్ళా ఎక్కె. కడుగు మళ్ళా."

"సబ్బు సగమైపాయెనే తల్లీ!"

"కానియ్యమ్మా. నాయనా, ఈసారి తుడుచుకోవద్దు. చేతులు పైకెత్తు. గాలికి ఆరాల."

"దోవన పోయేవాళ్ళు చూస్తే, మీ నాయన్ని పోలీసులు పట్టుకున్నారనుకుంటారే."

"అనుకోనియ్యి."

"ఆరినాయమ్మా."

"ఏదీ... ఊఁ. ఇంద నాయనా. తల కింద చెయ్యి పెట్టు. ఆఁ, అట్ల."

"మీ నాయన కండ్లలో నీళ్ళు చూడవే భాగ్యా."

"తుడుచుకోవద్దు నాయనా!"

"లేదులేమ్మా. బంగారు బొమ్మ మాదిరి ఉండాడు."

"అయ్యో, ఏంది ఇట్ల గుక్కపట్టినాడు? ఇంతసేపూ బాగనే ఉండె కదమ్మా!"

"పాలకేమోనే."

"ఇప్పుడే తాగినాడు. నాయనా, నువ్వు బొమ్మ మాదిరి ఉండాడంటివి చూడు, దిష్టి తగిలె! తొందరగా నీ కాలి కింద మన్ను చిటికెడు తీసి వాని నొసట పెట్టు! ఏంది అట్ల చూస్తాండావు? పెట్టు నాయనా!"

"ఈ కడిగిన చేత్తోనేనా అమ్మా?"