మా బావ కోట దిగిన వైనం

మా బావ సర్వే ఆఫీసులో గుమాస్తా. పగలంతా జనం పొలాల కొలతలు అంగుళం తేడా రాకుండా రికార్డుల్లోకి ఎక్కిస్తాడు. అలా బిగపట్టుకున్నదంతా సాయంత్రం టీ కొట్టు ముందు వదిలేస్తాడు, అక్కడ ఇక కొలతా లేదు పాడూ లేదు. అక్క మొగుడు కదా అని నేను నోరు మూసుకుంటాను. ఆయన నోరు మూయించడం ఎలాగూ మా అక్కవల్లే కాలేదు.

ఆ శనివారం మాత్రం ఊరికే విని లేచిపోయే వ్యవహారం కాదు. మర్నాడు పొద్దున్నే సైకిళ్ళ మీద పదకొండు మందిమి కొండల్లోకి వెళ్ళాలి. పాత రాతి వంతెన, దిగుడుబావి, పైన కోట, అన్నీ చూసి అవతలివైపు దిగాలి. దిగడానికి దారులు రెండు. ఒకటి కొండ చుట్టూ తిరిగి వచ్చే బండి దారి. రెండోది కోట వెనక వాలు, అంతా గులకరాళ్ళే. పోయినేడు అక్కడ పడ్డ మనిషి ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. డ్రిల్ మాస్టారు బండి దారి అన్నాడు. మా బావ వెనక వాలు అన్నాడు, ముందు తానే ఉంటానన్నాడు. ఏదో ఒకటి తేల్చి మ్యాపు మీద ఎర్ర గీత గీసిస్తే, నా జిరాక్సు షాపులో పదకొండు కాపీలు తీయాలి. మాస్టారు ఎర్ర పెన్సిలు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

టీ కొట్టు పక్కనే సైకిల్ షాపు. మెకానిక్ మా బావ కొత్త సైకిలుని తలకిందులుగా నిలబెట్టి బ్రేకులు సరిచేస్తున్నాడు. పక్కనే కూర్చున్న మెకానిక్ కూతురు తపాలా ఆఫీసులో పనిచేస్తుంది. కొండల్లోకి రావడం ఇదే మొదటిసారి, మొన్న చేరింది మాలో.

“ఇంతకీ ఆ వాలు నువ్వెప్పుడైనా దిగావా?” అని మాస్టారు మా బావని అడిగాడు. అడక్క అడక్క అదే అడిగాడు.

“దిగావా అంటారేంటి మాస్టారూ! పోయిన ఆదివారమే కదా! కొత్త సైకిలు, ఓసారి కాళ్ళు సాగదీసుకుందాం అని బయల్దేరాను, కొండ మొదలు దాకా వెళ్ళి వచ్చేద్దామనే, ఒట్టు, అంతకుమించి ఆశే లేదు. తీరా వెళ్ళి ఆ ఎత్తు చూశానా, అదేనండీ, మీరంతా దిగి తోసుకుంటూ నాలుకలు బయటపెట్టి ఎక్కుతారే, ఆ ఎత్తే, నాకు నవ్వొచ్చింది. గేరు కూడా మార్చలేదు. గేర్లెందుకు, చేతకాని వాళ్ళకి. ముందు ఒక బస్సు మూలుగుతూ పోతోంది, దాన్ని దాటేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కండక్టరు తల బయటపెట్టి, ‘బాబ్బాబు, మీ సైకిలుకో తాడు కడతాం, పైదాకా కాస్త లాగిపెట్టండి’ అని బతిమాలాడు.”

“లాగావా బావా?” అన్నాను.

“లాగక? బస్సులో ముసలివాళ్ళున్నారు. నీలా కూర్చున్నచోట కాగితాలు తీసుకునేవాడికి తెలీదులే జాలంటే ఏంటో. సరే, పైకి లాగి తాడు విప్పేసరికి రాతి వంతెన వచ్చింది. చూస్తే ఏముంది, నడుమ మొత్తం కూలిపోయింది.”

“ఏంటీ, కూలిందా? నిన్న కూడా దాని మీద లారీలు పోయాయే!” అన్నాడు మాస్టారు.

“మళ్ళీ కట్టేశారు. ఆదివారం నాటికి లేదు. మధ్యలో అడ్డుపడొద్దు మాస్టారూ, ఇది మీ పిల్లలకి కుడి కాలు ఎడమ కాలు అని చెప్పడం కాదు. అవతలి గట్టు చూస్తే అంత దూరం, కింద చూస్తే నీళ్ళు. ఇంకొకడైతే వెనక్కి తిరిగేవాడు. నేను హ్యాండిల్ ఇలా ఎత్తాను, అంతే. గాల్లో ఉండగా దాహమేసింది. సీసా తీసి నీళ్ళు తాగి, మూత పెట్టి, మళ్ళీ దాని చోట్లో పెట్టుకున్నాక దిగాను అవతల.”

టీ తాగుతున్న మాస్టారికి పొలమారింది. మా బావ దాన్ని కూడా తన గొప్పే అనుకున్నాడు.

“దిగిన చోట బండకి పాచి. నా టైరు తగిలి పాచి లేచిపోయింది, కింద పాత అక్షరాలు బయటపడ్డాయి. అక్కడ శాసనాలు చదివే పెద్దమనుషులు నలుగురు మూడేళ్ళుగా వెతుకుతున్నారట, భూతద్దాలు విసిరేసి వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు. ఆ శాసనంలో ఏముందో తెలుసా?”

“నీ పేరుందా?” అన్నాను.

“పేరు లేదు. అబద్ధమెందుకు చెప్పాలి? ‘రెండు చక్రాల మీద ఒకడు వస్తాడు, దారివ్వండి’ అని ఉంది. ఎవడా ఒకడు అంటే మీరే చెప్పండి. సరే, వాళ్ళు దారిచ్చారు, దిగుడుబావిలోకి సైకిలు దించాను. మూడొందల మెట్లు.”

“నలభై రెండు,” అన్నాడు మాస్టారు. “ఏటా పిల్లల్ని తీసుకెళ్తాను.”

“మీరు నడిచి లెక్కపెట్టారు, నేను సైకిలు మీద లెక్కపెట్టాను. దిగి, ఆ ఊపులో గోడ మీదుగా ఎక్కేసి, ఎక్కిన ఊపులో కోటగోడ పైకి చేరాను. గోడ వెడల్పు జానెడు. ఇటు లోయ, అటు లోయ. గోడ మీద కోట చుట్టూ ఏడు చుట్లు తిరిగాను. ఎనిమిదోది తిరిగేవాణ్ణే, కింద కాపలా మనిషి కళ్ళు తిరిగి పడిపోయాడు. పాపం అని ఆపేశాను. అప్పుడొచ్చింది వెనక వాలు.”

ఇక్కడ ఆయన గొంతు తగ్గించాడు. మెకానిక్ కూతురు ముందుకి జరిగింది.

“వదిలాను సైకిలు. గాలికి చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. కిందికొచ్చాక చూసుకుంటే నా నీడ లేదు. ఏదీ అని పైకి చూస్తే అదింకా సగం వాలులో రొప్పుకుంటూ దిగుతోంది. దానికోసం రాయి మీద కూర్చుని ఎదురు చూడాల్సొచ్చింది. ఇంత జరిగి ఇంటికొచ్చి తలుపు తడితే మీ అక్క ఏమందో తెలుసా? ‘ఇంకా వెళ్ళలేదా? క్యారేజీ కడుతున్నాను, రెండు నిమిషాలాగండి’ అంది!”

అందరం నవ్వాం. అదే మేం చేసిన తప్పు. మా నవ్వు మా బావకి ఎప్పుడూ మెచ్చుకోలులాగే వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకీ అలాగే వినిపిస్తుందని అప్పుడే తెలిసింది, ఆ అమ్మాయి నవ్వలేదు. బస్సు సంగతీ నీడ సంగతీ సరదాకి కలిపాడనీ, దిగడం మాత్రం నిజంగానే దిగాడనీ అనుకున్నట్టుంది.

“గులకరాళ్ళ మీద బ్రేకు ఎక్కడ పట్టుకోవాలండీ?” అని శ్రద్ధగా అడిగింది.

“బ్రేకా! బ్రేకు ముట్టుకున్నావో పోయావే. కళ్ళు మూసుకుని వదిలెయ్యడమే. నా వెనకే రా, ఏం కాదు.”

ఆ అమ్మాయి బుద్ధిగా తలూపింది. మాస్టారు కూడా విసిగిపోయి, “సరేనయ్యా, దిగానంటున్నావు, నువ్వే ముందుండు” అని పెన్సిలు మొన వెనక వాలు మీద ఆనించాడు. మెకానిక్ చేతిలో పానా ఆగింది.

“గీత గీయకండి మాస్టారూ,” అన్నాడు. తర్వాత మా బావ వైపు తిరిగాడు. “మీరు వెళ్ళింది ఈ సైకిలు మీదేనా సార్?”

“ఇంకేం సైకిలుంది నాకు?”

“టైర్లు మార్చలేదు కదా?”

“మారుస్తానా! వంతెన దూకిన టైర్లవి. దాచుకుంటాను.”

మెకానిక్ కూతుర్ని పిలిచాడు. “ఇలా రామ్మా. ఈ టైరు నడుమ వేలు పెట్టు.”

ఆ అమ్మాయి పెట్టింది. “ఏవో సన్నగా గుచ్చుకుంటున్నాయి నాన్నా. వెంట్రుకల్లా ఉన్నాయి.”

“రబ్బరు పోగులు. టైరుని అచ్చులోంచి తీసినప్పుడు మిగులుతాయి. నేల మీద ఒక పూట తొక్కితే నడుమవి రాలిపోతాయి. గులకరాళ్ళ మీదైతే పూట కూడా అక్కర్లేదు. పోయిన శనివారం నేను బిగించినప్పుడు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి. ఇవాళ షాపుకి కూడా సారు దీన్ని నడిపించుకునే వచ్చారు.” ఆయన చక్రం ఒకసారి తిప్పాడు. పోగులన్నీ మా కళ్ళ ముందే గిర్రున తిరిగాయి. “మీ కోతలు రోజూ టీతో పాటు తాగుతున్నాం సార్, ఏనాడైనా కాదన్నానా? బస్సు లాగండి, నీడని పోగొట్టుకోండి, మాకేం పోయింది. కానీ నాకున్నది ఒక్క కూతురు. దాన్ని బ్రేకు ముట్టుకోవద్దంటారా?”

నా వైపు కూడా చూశాడు. “నీకైనా తెలీదా బాబూ? బావమరిదివి కదా?”

నాకు తెలుసు. ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. సైకిలు ముందు గదిలో స్టాండు వేసి ఉంది. సీటుకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా మా బావ దాని మీద కూర్చుని, గాల్లో చక్రం తిప్పుకుంటూ కిటికీలోంచి కొండల్ని చూస్తున్నాడు. మొత్తం తెలిసి, ఇంతసేపు నవ్వుతూ కూర్చున్నాను. సిగ్గేసింది. ఖాళీ టీ గ్లాసులోకి చూశాను.

మా బావ ఒక్క క్షణమే తడబడ్డాడు. తర్వాత కాలు మీద కాలు వేసుకున్నాడు.

“అంత వేగంలో టైరు నేలకి ఆనితేగా అరిగేది!”

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు.

“నావి ఆనుతాయండీ,” అంది ఆ అమ్మాయి. “నేను మాస్టారి వెనక వెళ్తాను.”

మాస్టారు బండి దారి పొడుగునా ఎర్రగా గీత గీసి మ్యాపు నా చేతిలో పెట్టాడు. “పదకొండు కాపీలా, పదా?” అని అడిగాను. “పదకొండే తీయి. రావాలనుకుంటే మీ బావని అందరికన్నా వెనక రమ్మను,” అన్నాడు.

మా బావ సైకిలు తీసుకుని, పనుందంటూ లేచాడు. టీ కొట్టు నుంచి వాళ్ళిల్లు పల్లంలో ఉంటుంది, పెడల్ తొక్కకుండానే గుమ్మం దాకా పోవచ్చు, తారు రోడ్డు, ఒక్క రాయి కూడా ఉండదు. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాం. రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని, పక్కన నడుచుకుంటూ దిగాడు.