ఎవరి దవడల మీద?

ఆదిత్యపూర్‌లో కొత్తగా తెరిచిన క్లినిక్ అది. కార్ఖానాలో ఇనప రాడ్డు తగిలి విరిగిన దవడ వంకరగా అతుక్కుపోయి, మాట పెగలని మొగుణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, ఆమె డాక్టరు ముందు నిలబడింది.

"మళ్ళీ విరగ్గొట్టి సరిచెయ్యాలి. రేపే తీసుకురా."

"ఈ ఆపరేసను ఎక్కడ నేర్సుకున్నారు బాబూ?"

"బయట బోర్డు చూళ్ళేదా? లండన్‌లో."

"లండన్‌లో ఏ ఆస్పత్రండి?"

"పేరు చెబితే నీకేం అర్థమవుతుంది?"

"నాకు తెల్దు బాబూ. కద్మాలో నేను పని సేత్తన్న ఇంట్లో పెద్ద డాక్టరు గారున్నారు. ఆరే కనుక్కుని రమ్మన్నారు."

ఆయన గొంతు తగ్గింది. "లండన్‌లో ఒక సభకి వెళ్ళొచ్చాను. నేను చదివింది పళ్ళ వైద్యం."

"మరి దవడలు కొయ్యడం ఏటి?"

"చేస్తూ చేస్తూ అదే వచ్చింది."

"ఎవరి దవడల మీదండి?"

"అంట్లు తోముకునేదానివి, నాకు పరీక్ష పెడతావా? నడు బయటికి!"

ఆమెకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. మొగుణ్ణి లేపుదామని వెనక్కి తిరిగింది. అతను అప్పటికే చెప్పులేసుకుని, ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.