సైగ చేసిన బుగ్గ

1948 సెప్టెంబరు వానకు తుకారాం ఇంటి పెంకులు కారి, గోడ మీది కరెంటు తీగ తడిసింది. విమానాల భయానికి సికింద్రాబాదంతా దీపాలు ఆర్పుకుంటే, ఆయన అరుగు మీది కరెంటు బుగ్గ మాత్రం బటన్ నొక్కకుండానే వెలుగుతూ ఆరుతూ ఉంది.

“నాసర్ భాయి, జెర జల్ది కానియ్! యూనియన్ విమానాలకు సైగ చేస్తున్ననని రజాకార్లు నన్ను గుంజుకపోతరు.”

“గిన్ని నీళ్ళు తాగిన తీగ ఎవరి మాట వింటది సేఠ్? అయిపోయింది. తుడిచి టేపు చుట్టిన. ఇగ బేఫికర్‌గ పండుకోండ్రి.”

తెల్లారేసరికి నిజాం లొంగిపోయాడన్న కబురు గల్లీ అంతా పాకింది. నిచ్చెన మోసుకుపోతున్న నాసర్ మిస్త్రీకి తుకారాం అడ్డం వచ్చాడు.

“ఆ టేపు ఊడబీకు భాయి.”

“ఏందీ, దిమాక్ ఖరాబైందా?”

“యూనియన్ ఫౌజు వస్తున్నది. జాన్‌కు తెగించి సైగలు చేసింది నేనేనని చూపించుకోవద్దా? వాన ఆగింది గని, పైకెక్కి నీళ్ళు నేనే పోస్త.”

“జెర ఆగాలె సేఠ్. ముందుగాల మీ ఎదురింటి వకీలు సాబ్ గిదే పనికి పిలిచిండు. పాపం, ఆయన ఇల్లు కారదు. పెంకులు పగలగొట్టుడు కాడి నుంచి షురూ చెయ్యాలె.”