ద్వాలి కన్ను

గిట్ల తే బిడ్డా, పోరణ్ని ఎలుగు దిక్కు తిప్పు, చూస్త. అవ్, పుసే. రెప్పలు అంటుకున్నయి అంతే, లోపల గుడ్డు తేటగనే ఉన్నది. బుగులు పడకు కళా. నర్సమ్మకు చూపెట్టినవ్ గద, చుక్కలమందు ఇచ్చింది గద, ఇగేం? కాచి చల్లార్చిన నీళ్లల్ల గుడ్డ ముంచి ముక్కు దిక్కు నుంచి బయటికి తుడువు. ఒకసారి తుడిచిన ముక్క మళ్ల కంటికి ముట్టియ్యకు. మీ నాయనమ్మ ద్వాలి గట్లనే తుడిచింది నీకు. ఏంది, తెల్వదా? నీకు రెండేండ్లున్నప్పుడు నీ కండ్లు గిట్లనే అయినయి. మీ అమ్మ చెప్పలే? పోనీ ద్వాలికి ఒక కన్ను తెల్లగ ఎందుకుండెనో అదన్న చెప్పిందా? పుట్టుకతోనే అన్నదా. మంచిగున్నది. పుట్టుకతోనేనట. కూసో, బస్సుకు ఇంకా టైమున్నది.

ద్వాలిది గట్టి పానం. మీ తాత పాము కుట్టి పోయిన్నాటికి మీ నాయన హాతీరాం చంకల పిల్లగాడు. తునికాకు కోసి కట్టలు కట్టింది, చేన్లల్ల కూలికి పొయ్యింది, ఆ ఒక్కణ్ని సాకింది. ఎవ్వరినీ నోరు తెరిచి ఒకటి అడగలే. అడుగుడు రాదు ఆమెకు, గదే ఆమె కర్మ. నేను గప్పుడు అంగన్‌వాడీల ఆయాను. కల్లూరు దిక్కు నుంచి టీచరమ్మ వచ్చేది, బస్సు దొరికిన్నాడు వచ్చేది, దొరకనినాడు పాటలు చెప్పేది నేనే, గంజి కాసేది నేనే. ఎలుకలు పిండి సంచులు కొరికితే మాటలు పడేది నేనే. ఏం చెప్తున్న? ఆఁ, ద్వాలి. మీ తండ నుంచి టేకు చెట్ల నడుమ బాట పట్టి రోజూ నిన్ను చంకనేసుకొని వచ్చేది. మీ అమ్మా నాయనా పొద్దుగాలనే మిరప చేన్లకు పోతుండిరి.

రెండువేల నాలుగో అయిదో, మిరప ఏరే దినాలే. ఒకనాడు నీ రెండు కండ్లు బంక పెట్టినట్టు అంటుకొని ఉన్నయి. నువ్వేమో ఏడుసుడు, పిడికిళ్లతోటి రుద్దుడు. ఆనాడే సూదులెయ్యనీకి నర్సమ్మ వచ్చింది. చూసింది, చుక్కలమందు సీస ఇచ్చింది, ఎట్ల తుడువాల్నో చెప్పి పోయింది. ఆమె మెల్లగ చెప్పింది గాని, నేనున్న గద, పెద్ద ఆయమ్మను. ద్వాలి ముందర నిలవడి ఏలు చూపెట్టుకుంట చెప్పిన. సబ్బుతోటి చేతులు కడుగు, పిల్ల గుడ్డ వేరు మీ గుడ్డ వేరు, ఈ మందు పిల్లదే, ఒకరి కంట్లది ఇంకొకరి కంట్ల పొయ్యొద్దు, ఇన్నవా అని. ఇన్న అన్నట్టు తల ఊపింది.

ఇనుడంటే గట్ల ఇనాలె. ఏళ్లకున్న ఉంగరాలు తీసి పెట్టెల పెట్టింది, సబ్బు సందుల్ల పడ్తలేదని. పెట్టె అడుగున మీ తాత ధోతి దాసుకున్నది ఒకటుండె. అది చింపి ముక్కలు చేసి, ఉడుకుడుకు నీళ్లల్ల వేసి, కంప మీద ఎండకు ఆరేసింది. నువ్వు ఊకుంటివా? కొరికినవ్, తన్నినవ్. మోకాళ్ల నడుమ నిన్ను ఇరికించుకొని, ఏదో మీ భాషల కూనిరాగం తీసుకుంట, రెప్ప కిందికి గుంజి ఒక్క చుక్క. దినానికి నాలుగుసార్లు. నడుమ మీ పెద్దతాత రూప్‌సింగ్ దొప్పల ఆకుపసరు పట్టుకొని వచ్చిండు. తండకు పెద్దమనిషి ఆయన, ఆయన మాటకు ఎదురులేదు. మా అందరి కండ్లు గీ పసరుతోనే బతికినయి, సర్కారు నీళ్లతోటి కాదు అన్నడు. ద్వాలి ఆయనకు ఈపు పెట్టి, నిన్ను ఒడిల కప్పుకొని కూసున్నది. ఆయన తిట్టి తిట్టి పొయ్యేదాక లేవలే. ఆరో నాటికి నీ కండ్లు కడిగిన నేరేడు పండ్లు.

ఇగ ఆమెకు తగిలింది. అంటుకునే రోగం గద, ఆమె తప్పేం లేదు. నీ మూతి ఆమె చెంపకే ఆనేది. ఎర్రటి కన్నుతోనే మిరప ఏరవోయింది. ఎండ, దుమ్ము, కాయ పట్టిన చేయి. బాట మీద నాకు ఎదురుపడ్డది, కొంగు కంటికి అడ్డం పెట్టుకున్నది. ఏమైందే అన్న. మిరప ఘాటు ముత్తక్కా అన్నది. నా నెత్తి మీద కోడిగుడ్ల అట్టలు, ఆనాడు మీటింగు. సరే కడుక్కో అని నడిసిన. నడిసిన బిడ్డా. ఆగి ఆ కొంగు గుంజి చూస్తే నా సొమ్మేం పోయేది? హాతీరాముకు చెప్పిందట. ఏరుడు అయిపోనీ, ఖమ్మం తీస్కపోత అన్నడు. ఇంకో నాలుగు దినాలకు మిరప మోడు కొన ఆ కంట్లనే తగిలింది. రూప్‌సింగ్ మళ్ల దొప్ప పట్టుకొని వచ్చిండు. ఈసారి ఈపు పెట్టి కూసునేటోళ్లు ఎవ్వరు లేరు. నిండ పోసిండు. మూడోనాడు నల్లగుడ్డు మీద తెల్లగ పువ్వు పడ్డది. గప్పుడు తీస్కపోయిండ్రు. ఖమ్మం డాక్టరు బత్తి పెట్టి చూసి, పది దినాల ముందు తెస్తే చుక్కలతోనే పొయ్యేది అన్నడట. ఇగ చూపు రాదు అన్నడట.

తర్వాత సంగతి ఇనుడు నీకు కష్టమైతది. ఇను. తెల్లకన్ను చూస్తే నువ్వు జడుసుకుంటున్నవని మీ అమ్మ నిన్ను ఆమెకు ఇచ్చుడు బంద్ చేసింది. నువ్వు నిజంగనే ఏడ్సేదానివి, అబద్ధం ఎందుకు. ఆమె చేతులు చాపితే మీ అమ్మ కొంగుల మూతి పెట్టుకునేదానివి. నీకేం తెల్సు, పసిదానివి. తెల్సినోళ్లకేమైంది? హాతీరాం ఆటో కొన్నడు. కొబ్బరికాయ కొట్టేదాక బయటికి రాకే, ఎదురు పడకు అన్నడట. ఎవరిని? ఒక్కతే తునికాకు మోసి సాకిన తల్లిని. అయిదేండ్లు గట్లనే బతికింది, పంచల మూలకు. ఒక వానకాలం జ్వరంల పోయింది. శవం మీద పడి అందరికంటె ఎక్కువ ఏడ్సింది మీ అమ్మే. చూసి నాకు నవ్వొచ్చింది. పాపం తగులుతే తగలనీ.

ఆటో కొన్ననాడే, ఆమె అడవిబాటన నడిసి మా ఇంటికి వచ్చింది. గీ గడప మీదనే కూసున్నది. చాయ్ ఇచ్చిన, తాగింది. ఇగ అడిగిన. ఎందుకే నా తానకు రాకపోతివి, ఇంట్ల పిల్ల మందు సగం సీస ఉండె గద, నేను కండ్లార చూసిన, దూలం సందున పెట్టుంటివి, మరి నొప్పి లేసిన్నాడు అదన్న ఎందుకు ఏసుకోలేదు అని. నా మొఖం దిక్కు తిరిగి, కోపం లేకుంట, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు అన్నది.

"అది పిల్లది ముత్తక్కా. ఒకరిది ఒకరికి పొయ్యొద్దని నువ్వే చెప్తివి గద."

...

మీ అత్తకు మోకాలు నొప్పి అంటివి మొన్న. నడుస్తున్నదా గిప్పుడు?