పాత పడవ కింద మూడు పగళ్ళు

పడవలు బాగుచేసే యార్డు గేటు ఎదురుగా ఉన్న టీకొట్టులో ఆయన్ని అందరూ కమాండర్ అనే పిలుస్తారు. నిజానికి రేవులో లాంచీ టికెట్లు ముప్పై ఏళ్ళు చింపి రిటైరైన మనిషి. ఆ పొద్దున కొట్టు నడిపే అక్కకీ, టీ తాగడానికొచ్చిన వెల్డరుకీ కొత్త కథ మొదలుపెట్టాడు.

"పాత తెరచాప పడవ కొనడం ఏమంత బ్రహ్మవిద్య కాదురా. మా అమ్మాయీ అల్లుడూ ఆర్నెల్లు సముద్రం మీద తిరిగొస్తామని ఒకటి చూసుకున్నారు. అమ్మేవాడు కొత్త రంగు చూపించాడు, మెత్తటి పరుపులు చూపించాడు. పైన పటారం చూసి అల్లుడు మురిసిపోయాడు. లోన లొటారం ఎవరు చూడాలి? నేను వెళ్ళి, జేబులోంచి చెంచా తీసి, పడవ పొట్ట చుట్టూ తట్టుకుంటూ పోయాను. గట్టి చోట ఠంగుమంటుంది, కుళ్ళిన చోట డొబ్బుమంటుంది."

"పుచ్చకాయ బేరమన్నమాట," అంది అక్క.

"పుచ్చకాయకి ఒక్క దెబ్బ చాలు. దీనికి నాలుగువేలు కొట్టాను. నలభయ్యో దెబ్బకే చెప్పేశాను, మూడో చెక్కలో పురుగుంది, ఎడంపక్కకి తిరిగి పడుకుంది అని. విప్పి చూస్తే అలాగే పడుకునుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ అడుగున నిలిచిన నీళ్ళు వేలితో తీసి నాకి చూశాను. చప్పగా ఉంటే పైనుంచి కారిన వాన, ఉప్పగా ఉంటే కింద చిల్లు. అది ఎవడైనా చెప్తాడు. ఆ ఉప్పు ఏ సముద్రానిదో, ఏ నెలలో లోపలికొచ్చిందో కూడా నేను చెప్పాను."

"ఇంజను చూడలేదా?" అన్నాడు వెల్డరు.

"చెయ్యి పెడితే చుర్రుమంది. చల్లగా ఉంటే మొరాయిస్తుందని ముందే వేడిచేసి పెట్టాడు. 'ఏం నాయనా, నేనొస్తున్నానని దీనికి జ్వరం తెప్పించావా' అన్నాను. సముద్రంలో నడిపి చూపించమన్నాను. తీరం కనపడనంత దూరం పోయాక గాలి లేచింది. ఎలాంటి గాలంటావు, గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, చొక్కా మాత్రం లేదు. తెరచాప కొయ్యని నిలబెట్టే తీగలు పటపటా తెగిపోతున్నాయి. ఈ చేత్తో రెండు, ఆ చేత్తో రెండు, పళ్ళతో ఒకటి పట్టుకున్నాను."

"మరి చుక్కాని?"

"కాలి బొటనవేలు ఊరికే ఉందా? అంతలో, పడవ బోర్లా పడకుండా అడుగున ఇనప దిమ్మ బిగిస్తారు చూడు, దాని బోల్టులు తుప్పుపట్టి తెగి, దిమ్మ కాస్తా గంగలో కలిసింది. ఇంకొకడైతే దేవుణ్ణి తలుచుకునేవాడు. నేను దూకి, పడవ కిందకి పోయి, దిమ్మ ఉండాల్సిన చోట నేనే వేలాడాను. మూడు పగళ్ళు, మూడు రాత్రిళ్ళు. చివరికి ఒక తిమింగలం నన్ను చూసి జాలిపడి, పడవతో సహా వీపు మీద రేవుదాకా మోసుకొచ్చి, గట్టుకి తాడు కట్టి మరీ వెళ్ళింది."

"తాడు దేంతో కట్టింది కమాండర్?"

"అది చూడలేదురా. పరాయి ఆడది, తేరిపార చూస్తే బాగోదని అటు తిరిగాను."

అప్పుడే యార్డు గేటులోంచి ఆయన అల్లుడు చేతిలో ఫైలుతో వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు.

"మావయ్యగారూ, ఆ పడవ అసలు నీళ్ళలో దిగనే లేదు కదా," అన్నాడు. "యార్డులో దుంగల మీదే ఉంది. ఇప్పుడూ అక్కడే ఉంది."

వెల్డరు టీ మింగలేక దగ్గాడు. కమాండర్ వీధివైపు చూశాడు.

"నిన్న నేను కాగితాల మీద సంతకం పెట్టబోతున్నాను," అని అక్కకి చెప్పాడు అల్లుడు. "ఈయన పరుపెత్తి, తెరచాప కొయ్య మొదట్లో స్క్రూడ్రైవరు ఆనించారు. గట్టిగా నొక్కనుకూడా లేదు, పిడిదాకా దిగిపోయింది. పాత పడవన్నాక ఎక్కడో ఒకచోట అలాగే ఉంటుందన్నాను. ఇంకా చాలా మాటలన్నాను. ఈయన నా పెన్ను లాక్కుని అక్కడే చతికిలబడ్డారు. పడవలు పరీక్షచేసే ఇంజనీరు వస్తేగానీ ఇవ్వనన్నారు. అమ్మేవాడు తిట్టాడు. ఈయన పెన్ను మాత్రం వదల్లేదు. రెండు గంటలు."

"ఇంజనీరు ఏమన్నాడు?" అంది అక్క.

"కొయ్య కింద దూలమంతా పొడి. మొదటి పెద్ద గాలికే కూలేదట. మేమిద్దరం..." అల్లుడు ఫైలు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇప్పుడే మా ఆవిడకి ఫోన్ చేశాను. ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. నాన్న టిఫిన్ చేశాడా అని అడిగింది."

"ఇంత జరిగితే, ఆ తిమింగలం ఎందుకు కమాండర్?" అన్నాడు వెల్డరు.

"పెన్ను పట్టుకుని నేలమీద కూర్చున్నానంటే ఎవడు వింటాడురా," అన్నాడాయన మెల్లగా.

"నేను వింటాను," అంది అక్క.

కమాండర్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. అల్లుడివైపు ఓరగా చూసి, "రెండు గంటలు కాదు, మూడు," అన్నాడు.

అల్లుడు కొంచెం ఆలోచించాడు.

"మూడే," అన్నాడు.