యాదమ్మ ఆడిన నేలా బండా

"అమ్మమ్మా, నేను పాఠం చెప్పే క్లాసుల ఒక పిల్ల ఉన్నది. ఊకె కొడ్తది, కొరుకుతది. దానితోని ఎవ్వరు కూసోరు. ఏం చెయ్యాలె?"

గిట్ల కూసో బిడ్డా, చెప్త. నేను గప్పుడు తార్నాకల బడి పంతులమ్మను గదా. అరవై ఏడో ఏమో... కాదు, నీ పెద్దమామ కడుపుల ఉండె, అంటె అరవై ఎనిమిదే. వారాసిగూడ నుంచి నడిచే పోతుంటి. పది పైసలకు దోసెడు రేగుపండ్లొచ్చేటియి, తినుకుంట పోతుంటి. ఆఁ, ఏం చెప్తున్న? యాదమ్మ ముచ్చట.

వాళ్లమ్మ యూనివర్సిటీ హాస్టల్ల వంట చేసేది, మాణికేశ్వర్ నగర్ల ఉండేటోళ్లు. పిల్ల మంచిదే, కోపమొస్తె ఆగేది కాదు. పలక ఇసిరేది, కొరికేది. మీరిప్పుడు దానికేదో ఇంగ్లీషు పేరు పెడ్తరు, గప్పుడు పొగరు అనేటోళ్లు. ఒకనాడు వసంత అనే లెక్చరర్ బిడ్డను కొరికింది. పెద్ద మేడం "ఇంకొక్క కంప్లైంటొస్తె టీసీ చేతుల పెడ్త" అన్నది. యాదమ్మ తల్లి నా ముంగట ఒకటే ఏడ్సుడు.

నేనేం చేసిన్నంటె, పిల్లలను పిలిచి, "దాన్ని ఆటల కలుపుకోండ్రి, కాని దొంగను చెయ్యకుండ్రి, కోపమొస్తది" అని చెప్పిన. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది!

బడెనక బండలుండె, ఆడ నేలా బండా ఆడేటోళ్లు. ఎరికే గదా, దొంగ నేల మీద ఉరుకుతది, మిగిలినోళ్లు బండలెక్కుతరు, నేల మీద దొరికినోళ్లు దొంగ. అందరు బండలెక్కితె యాదమ్మ నేల మీదనే నిలవడ్డది, చెయ్యి సాపి. దొంగ పక్కపొంటి ఉరుకుతది గాని దాన్ని ముట్టదు. ఒక్కలు ముట్టలే బిడ్డా. ఆఖరికి వంగి రాయి తీసింది. నాకు గప్పుడు సమజయింది. దాన్ని ఆటల అరటిపండు చేసింది నేనే. పేరుకు కలుపుకున్నరు, లెక్కల లేదు.

"ఏయ్, యాదమ్మను గూడ ముట్టుండ్రి!" అని ఒర్లిన. గప్పుడు దొంగ ఎవరు? వసంతనే. నా దిక్కు చూసింది, భయం భయంగ దాని భుజం ముట్టి ఉరికింది. యాదమ్మ రాయి పారేసి ఎనకవడ్డది. దొరకవట్టి చెయ్యి లేపింది. కొడ్తదనుకున్న. జడ కొసను రెండు వేళ్లతోని ముట్టి, "నువ్వే" అన్నది. ఉరికి బండెక్కింది. ఆడున్నోళ్లు జరిగి జాగ ఇచ్చిన్రు.

మల్ల కొరకలేదా అంటె, కొరికింది. అబద్ధమెందుకు. కాని ఈసారి వసంతనే పెద్ద మేడం తానికి పోయి, "పంపకుండ్రి మేడం, ఆమె లేకుంటె మాకు ఆట సాగదు" అన్నది. టీసీ ఇయ్యలే.

నువ్వు గూడ నా లెక్క తప్పు చేస్తవ్, చెయ్యి, ఏం కాదు. జల్ది సమజయితె సాలు. సల్లగ బతుకు తల్లీ, నీ క్లాసు పిల్లలు గూడ... అందరు, ఆ కొరికే పిల్ల గూడ...